సలాం ఆట

మొన్న మా వీధి చివర హైస్కూల్లో పిల్లలకు చదరంగం పోటీ పెట్టి, కప్పు అందించడానికి నన్ను పిలిచారు. నాకు ఆట బాగా వచ్చని కాదు. మా పేటలో ఖాళీగా ఉన్న పెద్దమనుషుల్లో ఆ రోజు ఉతికిన పంచె నాదొక్కడిదేనట. గెలిచినవాడు ఇంకా మీసం మొలవని పిల్లాడు. కప్పు ఎంత పెద్దదంటే, వాణ్ణి అందులో కూర్చోబెట్టి మూత పెట్టవచ్చు. వాడు దాన్ని కావలించుకుని నవ్వాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను వాడి చెవిలో, "తిన్నగా ఇంటికి పోరా నాయనా. దారిలో ఏ గొప్పవాడు పిలిచినా ఆగకు" అన్నాను. నోటి దగ్గరున్న మైకు ఆ మాటను ఊరంతటికీ వినిపించింది. హెడ్మాస్టరుగారు నా చేతిలోంచి మైకు లాక్కుని జనగణమన మొదలుపెట్టించారు.

గెలిచిన కుర్రాణ్ణి చూస్తే నాకు మా చిన్నాన్న గుర్తొస్తాడు. అందులో నా నేరం ఏమీ లేదు.

మా తాత మైదానం నుంచి ఉప్పు బస్తాలతో కొండెక్కి, అరకు లోయలో ఒక సంత ఊళ్ళో కొట్టు పెట్టాడు. అప్పటికి ఆ కొండల్లో రైలూ లేదు, బస్సూ లేదు. ఎడ్లబండే గతి. కింద శృంగవరపుకోటలో కోడెల్ని కట్టి బయలుదేరితే, ఘాటీ ఎక్కి మా ఊరు చేరేసరికి అవి ముసలి ఎడ్లయ్యేవి. మంచు అంటే ఇప్పటివాళ్ళు లంబసింగి వెళ్ళి ఫోటోలు దిగే మంచు కాదు. మా తాత పొద్దున్నే కొట్టు తలుపు తీశాక, ఎదురుగా ఉన్న మంచును మరో తలుపులా రెండు చేతులా నెట్టుకుని బయటికి వెళ్ళేవాడు. ఒకసారి ఆవలించి మంచు మింగినందుకు మా బండివాడికి వారం రోజులు జలుబు తగ్గలేదు.

కొట్లో పసుపు, చింతపండు, పిప్పళ్ళు, కరక్కాయలు, పొగాకు, కిరసనాయిలు అన్నీ కలిసి ఒకే వాసన వేసేవి. ఆ వాసనలోనే మేము అన్నం తినేవాళ్ళం, ఆ వాసనలోనే పడుకునేవాళ్ళం. ఇప్పటికీ ఎక్కడైనా కిరసనాయిలు ఒలికితే నాకు ఆకలేస్తుంది. సంత రోజున కొండవాళ్ళు కావిళ్ళతో దిగి పసుపు పోసి, ఉప్పు పట్టుకెళ్ళేవారు. ఉప్పు కొలిచేటప్పుడు మా తాత బొటనవేలు కుంచం లోపల ఉండేది. పసుపు కొలిచేటప్పుడు బయట ఉండేది. ఆ బొటనవేలు మీదే మా ఇల్లు నిలబడింది. నేను తాగిన పాలు కూడా దాని పుణ్యమే.

మధ్యాహ్నం బేరం మందగించాక తాత అరుగు మీద చదరంగం గుడ్డ పరిచేవాడు. గళ్ళన్నీ మా మామ్మ ఎర్రదారంతో కుట్టినవి. కొయ్యబొమ్మల్లో కొన్నిటిని ఎలకలు తినేశాయి, కొన్ని నేను పొయ్యిలో వేసి ఎలా కాలుతాయో చూశాను. అందుకని మా ఇంట్లో ఏనుగంటే కరక్కాయ, శకటంటే చింతగింజ, మంత్రి అంటే మూత లేని నశ్యం బుడ్డి. మంత్రి కదిలినప్పుడల్లా ఇద్దరు ఆటగాళ్ళూ తుమ్మేవారు. మంత్రి చచ్చిపోతే అరుగంతా సుఖంగా ఊపిరి పీల్చుకునేది.

మా చిన్నాన్న ఆ అరుగు మీదే పుట్టాడన్నా తప్పులేదు. నడవడం కంటే ముందు గుర్రం ఎత్తు నేర్చుకున్నాడని మామ్మ అనేది. అందుకే నడిచినా రెండడుగులు ముందుకీ ఒకడుగు పక్కకీ వేసేవాడట. పదహారేళ్ళు నిండేసరికి మా తాతను, ఉప్పు దళారీని, సంతకు వచ్చే ఒరియా వైద్యుణ్ణి, దారి తప్పి వచ్చిన అటవీశాఖ అధికారిని అందరినీ ఆటలో కట్టేశాడు. ఆయనకు ఒక్కటే జబ్బు. చెడ్డ ఎత్తు వేయలేడు. నేను ఏడుస్తున్నానని నన్ను గెలిపించడానికి కూడా చేతకాని ఎత్తు వేసేవాడు కాదు. నాకే తెలియకుండా నా చేత మంచి ఎత్తులు వేయించి ఓడిపోయేవాడు. నేను అది నా తెలివే అనుకుని ఊరంతా చెప్పుకుని తిరిగేవాణ్ణి.

లోయ చివర రాజావారి కోట ఉండేది. ఏటా దసరాకు అక్కడ చదరంగం పోటీ పెట్టేవారు. ఆ ఏడు దివాను ఊరూరా దండోరా వేయించాడు. గెలిచినవాణ్ణి రాజావారు తమ ఖర్చుతో చెన్నపట్నం పంపిస్తారట. అక్కడ దేశంలోని ఆటగాళ్ళంతా చేరే పెద్ద పోటీ ఉందట. మా చిన్నాన్న ఆ మాట విన్నప్పటినుంచి అన్నం నేల మీద పెట్టినా, అటక మీద పెట్టినా తేడా తెలియని మనిషైపోయాడు.

"సెన్నపట్నంలో సముద్రం ఉంటదిరా. రైలు ఉంటది. నాకంటే బాగా ఆడేవోళ్ళు ఉంటారు" అన్నాడు నాతో, చివరి మాట అన్నిటికంటే పెద్ద పండగలాగా.

"నీకంటే బాగా ఆడితే నువ్వు ఓడిపోవా సిన్నాన్నా?"

"ఓడిపోతాను. నిజంగా ఓడిపోయి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు?"

మామ్మ ఆయనకు కోటు కుట్టించింది. రేకు ట్రంకు నిండా సున్నుండలు, చేగోడీలు, ఊరగాయ సర్దింది. గెలవకముందే ఇదంతా ఏమిటని తాత అంటే, "నా కొడుకు గెలవకపోతే నీ అరుగే ఇరగ్గొట్టీసి పొయ్యిలో ఎట్టీస్తాను" అంది.

కోటకు వెళ్ళినప్పుడు దారి పొడుగునా ఒలిసె పూలు. లోయంతా ఎవరో పసుపు బస్తాలు విప్పి దులిపినట్టు ఉంది. మా తాత ఆ పసుపు రంగు చూసి, ఇదంతా పసుపే అయితే ఎన్ని కుంచాలో లెక్క వేయడం మొదలుపెట్టి, కోట గుమ్మం దాకా వేస్తూనే ఉన్నాడు.

ఆటలో రాజుకు గురి పెట్టినప్పుడు "రాజు!" అని పైకి అనాలి. అనకపోతే ఆ ఎత్తు చెల్లదు. కానీ రాజావారి ఎదుట నిలబడి "రాజు" అని కేకవేయడం పెద్ద మర్యాద తక్కువ. అందుకని కోటలో దాని బదులు "మహాప్రభో!" అనాలని నియమం. పోటీ జరుగుతున్న చావడిలో పొద్దుటినుంచి ఆ మూలా ఈ మూలా "మహాప్రభో! మహాప్రభో!" అని ఒకటే గోల. బయట కాపలావాళ్ళు లోపల ఎవరినో చావబాదుతున్నారనుకుని రెండుసార్లు తలుపు తోసుకుని వచ్చారు.

మొదటి ఆటలోనే మా చిన్నాన్న పరువు తీశాడు. ఎదుట తళతళలాడే దంతపు బొమ్మలు పెడితే, ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో కరక్కాయ ఏదండీ?" అన్నాడు. చావడి నవ్వింది. ఆ నవ్వుకు గబ్బిలాలు లేచి వెళ్ళి పాడేరులో వాలాయని తరవాత చెప్పుకున్నారు. ఏనుగును చూపించారు. చిన్నాన్న దాన్ని చేత్తో బరువు చూసి, "ఆఁ, ఇదే" అన్నాడు. తరవాత ఎవరూ నవ్వలేదు. వకీలు గుమాస్తా, సంస్కృతం వల్లించే అర్చకుడు, సాలూరు నుంచి వచ్చిన బెల్లం వ్యాపారి, అందరూ వరసగా లేచి వెళ్ళిపోయారు. బెల్లం వ్యాపారికి ఎంత చెమట పట్టిందంటే, ఆయన కూర్చున్న చాప చుట్టూ చీమలు చేరాయి.

చివరి ఆట పంతులుగారితో. ఆయన కోటలోనే ఉండే ముసలాయన. ఏటా ఆయనదే గెలుపు. చేయి వణికేది. బొమ్మను ఎత్తితే అది ఎక్కడ దిగుతుందో బొమ్మకే తెలియదు. ఆ చేత్తోనే మా చిన్నాన్నను సాయంత్రం దాకా నిలబెట్టాడు. ఓడిపోయాక ఆయన మొహంలో ఒక వెలుగు కనిపించింది. పెరోలు మీద వదిలేసిన ఖైదీలాగ లేచి, చిన్నాన్న భుజం మీద చేయి వేసి పక్కకు తీసుకెళ్ళాడు. నేను చిన్నాన్న పంచె చెంగు పట్టుకుని వెంటే ఉన్నాను.

"రేపు విజయదశమి. గెలిచినవాడు రాజావారితో సలాం ఆట ఆడాలి. అందులో ఓడిపోవాలి. ఆ సంగతి తెలుసు కదూ?" అన్నాడు పంతులుగారు.

"తెలుసండి. మా నాన్న చెప్పినాడు."

"ఓడిపోవడం అందరికీ తెలుసు నాయనా. ఎలా ఓడాలో తెలియాలి. త్వరగా ఓడిపో. చెత్తగా ఓడిపో. ఆయనకు చిరాకు పుట్టాలి. బాగా ఓడిపోకు. నేను మొదటి ఏడు బాగా ఓడిపోయాను. నన్ను కాశీ పంపుతానన్నారు అప్పుడు." కోట గోడల వైపు చేయి ఊపాడు. "ఇదే నా కాశీ."

ఆ రోజు బసలో మా తాత సరిగ్గా దానికి ఎదురు పాఠం చెప్పాడు. "ఒరే, రాజుగోరు వెర్రోడు కాడు. కావాలని ఓడినావని తెలిస్తే నా కొట్టు మీద ఏనుగును నడిపిస్తారు. నిజం ఏనుగును, కరక్కాయ కాదు. తెలీకుండా ఓడాలి. అర్థమైందేటి?"

"పంతులుగోరు బేగి ఓడిపొమ్మన్నారు నాన్నా."

"ఆయనకేటిరా! ఉప్పు అమ్ముకోవాలా, పసుపు కొనుక్కోవాలా?"

నా అనుమానం ఏమిటంటే, ఇద్దరిలో ఎవరు చెప్పినా, ఎవరూ చెప్పకపోయినా మా చిన్నాన్న ఆ ఆట అలాగే ఆడి ఉండేవాడు. చెత్తగా ఓడాలంటే చెడ్డ ఎత్తు వేయాలి. ఆయన వేలికి అది రాదు.

మర్నాడు పూజలయ్యాక ఆట మొదలైంది. రాజావారు మంచి మనిషే. లావుగా, ముద్దుగా, చిన్నప్పుడు ఎవరూ ఆడుకోనివ్వని పిల్లాడిలా ఉండేవారు. ప్రతి సలాం ఆటా ఆయనే గెలిచేవారు, ప్రతి గెలుపు తరవాతా ముఖం మాడ్చుకునేవారు. ఆ రోజు అలా జరగలేదు. చిన్నాన్న ఆయన మీద నిజంగానే దండెత్తాడు. రాజావారి కోట కూలుతోంది. దివాను రంగు మారింది. మా తాత నోట్లో పొగాకు మింగేశాడు. ఇక ఆటకట్టే అనుకున్న చోట రాజావారి కళ్ళు మెరిశాయి. ఎవరూ చూపించకుండా, తనకు తానుగా, ఆయన మంత్రిని బలి ఇచ్చారు! చిన్నాన్న చాలాసేపు ఆలోచించి మంత్రిని తీసుకున్నాడు. తరవాత రాజావారి గుర్రం, దాని వెనక బంటు. ఆట కట్టింది. ఆ బలికి దారి చిన్నాన్న పొద్దుటినుంచే ఒక్కొక్క రాయీ పేర్చి వేశాడని ఆ చావడిలో ఒక్కరికే తెలుసు. పంతులుగారు కళ్ళు మూసుకున్నారు.

రాజావారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు. "దివాన్జీ, మేము గెలిచాం. ఈసారి మేము నిజంగా గెలిచాం!" అన్నారు. నగారా కొట్టించారు. చిన్నాన్నను అందరి ముందూ కావలించుకున్నారు. ఆ కౌగిలి ఎంత పెద్దదంటే, మా చిన్నాన్న అందులోంచి మళ్ళీ బయటికి రాలేదు.

దివాను తలవంచి, "మహాప్రభో, కుర్రవాణ్ణి చెన్నపట్నం ఎప్పుడు పంపమని సెలవు?" అని అడిగాడు.

"చెన్నపట్నమా? అక్కడేముంది, ఉప్పుగాలి తప్ప. ఇన్నాళ్ళకు మాకు సరిజోడు దొరికాడు. వీణ్ణి పంపేసి మేము గోడతో ఆడుకోవాలా?"

అంతే. మా చిన్నాన్నకు కోటలో గది, ఏటా రెండు జతల పంచెలు, పూటకు పళ్ళెం నిండా భోజనం ఏర్పాటయ్యాయి. మా తాత కొట్టుకు కోటకు సరుకు పంపే బేరమంతా దక్కింది. పంతులుగారిని వారం తిరక్కుండా కాశీ పంపించేశారు. వెళ్ళేటప్పుడు ఆయన చిన్నాన్న కాళ్ళకు దండం పెట్టబోతే, చిన్నాన్న వెనక్కి దూకాడట.

సామాను తీసుకెళ్ళడానికి చిన్నాన్న ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు.

"ఒక్క ఏడాదే కదా నాన్నా? వచ్చే దసరాకి పంపుతారు కదా?"

"రాజుగోరు ఉంచుకుంటానంటే వద్దనే మొగోడు ఈ మన్నెంలో ఉన్నాడేట్రా? కలిసొచ్చిందని మొక్కుకో."

మామ్మ ట్రంకు మూత తెరిచి నిలబడింది. "రైల్లో తింతాడని కట్టినాను ఇయ్యన్నీ. ఇప్పుడేటి సెయ్యమంటావు?"

"ఈ గుంటడికి ఎట్టు" అన్నాడు తాత నన్ను చూపించి.

నాకే పెట్టింది. చెన్నపట్నం సున్నుండలన్నీ నేనే తిన్నాను. అంత రుచిగల సున్నుండలు మళ్ళీ తినలేదు. ఆ మాట చెప్పుకోవడానికి ఇష్టం లేకపోయినా నాలుక ఒప్పుకోదు.

తరవాత రోజూ ఆట. రోజూ ఓటమి. రాజావారు గెలిచినప్పుడల్లా నగారా మోగేది. గాలి మా వైపు తిరిగితే ఆ చప్పుడు మా కొట్టు దాకా వచ్చేది. తాత త్రాసు పట్టుకునే నవ్వుకునేవాడు. మామ్మ పని ఆపి లోపలికి వెళ్ళిపోయేది. కొండవాళ్ళు కూడా, "మీ బాబు ఇయాల కూడా ఓడినాడు సావుకారీ" అని నవ్వుతూ ఉప్పు పట్టుకెళ్ళేవారు. వాళ్ళకు ఆ మాత్రం నవ్వు మేము బాకీ ఉన్నామనిపిస్తుంది ఇప్పుడు.

సరుకు బండి మీద నేను కోటకు వెళ్ళివస్తూ ఉండేవాణ్ణి. చిన్నాన్న లావయ్యాడు. నవ్వడం నేర్చుకున్నాడు, రాజావారు నవ్వినప్పుడు. ప్రతి దసరాకూ పోటీలో గెలిచేవాడు, మర్నాడు సలాం ఆటలో ఓడిపోయేవాడు. కొన్నాళ్ళకు పోటీ పెట్టడం కూడా మానేశారు. సరిజోడు దొరికాక ఇంకా పోటీ ఎందుకని రాజావారు అన్నారట.

అప్పుడొచ్చాడు ఇంగ్లీషు ఇంజనీరు. కొండల మీద రోడ్డు కొలవడానికి వచ్చి, జ్వరం తగిలి కోటలో ఆగిపోయాడు. అందరూ కొయినా మాత్రలు మింగే మలేరియా జ్వరమే. ఆయన మాత్రం ఒక సీసాడు మింగి, పసుపు రంగుకు తిరిగి, ఒలిసె చేనులో నిలబడితే కనపడకుండా తయారయ్యాడు. లేచి కూర్చోగానే చదరంగం కావాలన్నాడు. మన పద్ధతిలోనే ఆడతానన్నాడు. రాజావారిని మూడు ఆటలు వరసగా ఓడించేశాడు. ఆయనకు సలాం ఆట సంగతి ఎవరూ చెప్పలేదు.

రాజావారు మూడు రోజులు భోజనం చేయలేదు. నాలుగో రోజు చిన్నాన్నను పిలిచారు. నేను ఆ పూట బెల్లం దింపించడానికి వచ్చి గుమ్మం దగ్గరే ఉన్నాను.

"వీణ్ణి గెలువు. మాకోసం కాదు, నీకోసమే ఆడు. గెలిస్తే రేపే బండి కట్టిస్తాం. చెన్నపట్నం వెళ్ళు. ఎన్నాళ్ళైనా ఉండు. దివాన్జీ, విన్నావుగా?" అన్నారు. ఆయన మాట తప్పాలనుకోలేదు. నేను ఆ మొహం చూశాను.

చిన్నాన్న కూర్చున్నాడు. అరగంటలో నడుం నిటారుగా అయింది. చాలా ఏళ్ళ తరవాత మా అరుగు మీది మనిషి కనిపించాడు. ఇంజనీరు పైపు ఆరిపోయింది, మళ్ళీ వెలిగించుకోవడం మరిచిపోయాడు. ఒక్కొక్క గడే ఆయన రాజు చుట్టూ మూసుకుపోయింది. నాకు ఆట అంతో ఇంతో వచ్చింది అప్పటికి. ఏనుగును చివరి వరసకు తోస్తే ఆటకట్టు. గుమ్మంలో ఉన్న నాకు కూడా కనిపించింది. రాజావారికీ కనిపించింది. పిల్లాడిలా పిడికిళ్ళు బిగించి కూర్చున్నారు.

చిన్నాన్న చేయి ఏనుగు మీదికి వెళ్ళింది. అక్కడ ఆగింది. మెల్లగా పక్కకు జరిగి, గుర్రాన్ని పట్టుకుంది.

అది చెడ్డ ఎత్తు కాదు. చూసినవాళ్ళకు మంచి ఎత్తులాగే ఉంది. అక్కడినుంచి ఆట ఎంత అందంగా తిరిగిందంటే, ఇంజనీరు తన జీవితంలో అలాంటి గెలుపు గెలవలేదని లేచి నిలబడి చిన్నాన్న చేయి పట్టుకుని ఊపాడు. రాజావారి పిడికిళ్ళు విడిపోయాయి. నగారా కొట్టేవాడు అలవాటు కొద్దీ కర్ర ఎత్తాడు, దివాను కళ్ళెర్ర చేస్తే దించాడు.

బయట బండి దగ్గర నేను అడిగాను. "ఏటి సిన్నాన్నా అది? ఏనుగు తోస్తే అయిపోయేది కదా. నీకు కనబడలేదేటి?"

"కనబడిందిరా."

"మరి?"

ఆయన ఎద్దు మెడ గోకుతూ నిలబడ్డాడు. "గెలిసే ఎత్తు కనబడతాది. కానీ దానికంటే ముందు ఓడే ఎత్తు కనబడిపోతంది. సెయ్యి ఆగట్లేదు. ఏటి సెయ్యమంటావు?" అని, ఎద్దు వీపు తట్టి, "బేగి ఎల్లు. మంచు దిగిపోద్ది" అన్నాడు.

ఆ లోయ ఇప్పుడు లేదు. ఉంది గాని, అది వేరే లోయ. జమీందారీలు పోయాయి. కోటలో ఏదో ఆఫీసు పెట్టారు. రాజావారు ఎవరితోనూ ఆడకుండానే పోయారు. మా చిన్నాన్న పెళ్ళాం పిల్లలు లేకుండా, చేతిలో ఒక సంచీతో మైదానంలో మా ఇంటికి వచ్చి చేరాడు. వీధిలో ఎవరు బల్ల పరిచినా వెళ్ళి కూర్చునేవాడు, ఎవరితో ఆడినా ఓడిపోయేవాడు. మొదట్లో పిల్లలు ఎగబడ్డారు. తరవాత, "ఆ ముసలాయనతో ఏటి ఆడతాం, ఎప్పుడూ మనమే గెలుస్తాం" అని మానేశారు.

ఆయన పోయిన పన్నెండో రోజు భోజనాలకు చాలామంది వచ్చారు. పోస్టుమాస్టరు నా చేయి పట్టుకుని, "మీ చిన్నాన్నగారిని నేను రెండుసార్లు ఓడించానండీ" అన్నాడు, అదే ఓదార్పులాగా. పక్కింటి కాంట్రాక్టరు తను మూడుసార్లన్నాడు. సంభావన అందుకుంటూ పురోహితుడు కూడా, "ఒకసారి నేను వట్టి బంటుతో కట్టేశాను" అన్నాడు. ఆయన చేతిలో ఓడిపోయిన మనిషి ఒక్కడైనా దొరుకుతాడేమోనని నేను పంక్తులన్నీ తిరిగి చూశాను. ఎక్కడ దొరుకుతారు? కోటలో ఆయన ఓడించినవాళ్ళు అప్పటికే తల నెరిసినవాళ్ళు. అందరూ ఆయనకంటే ముందే వెళ్ళిపోయారు.

వచ్చి విస్తరి ముందు కూర్చున్నాను. పప్పు వడ్డిస్తున్న కుర్రాడు వంగి, "నేను కూడా ఓసారి గెలిసినానండి. మీరూ గెలిసినారా బాబూ?" అని అడిగాడు.

"నెయ్యి వెయ్యి" అన్నాను.